అడవి మధ్య 1958 నాటి మోడరన్ ఇల్లు: దూలాలు, వాల్‌నట్ పని, ఓక్ చెట్టు. మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలి?

లోయఅంచు (ప్రశ్న)

పెన్సిల్వేనియాలో న్యూ హోప్‌కి దగ్గర్లో, రెండెకరాల అడవిలో 1958లో కట్టిన ఇల్లు కొంటున్నాం. కొనుగోలు ఖాయం చేసేలోగా ఇల్లు పరీక్ష చేయించుకునే ఇన్‌స్పెక్షన్ గడువు ఇంకా ఉంది. తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

ఒకటే అంతస్తు. కింద కాంక్రీట్ స్లాబ్, వేడినీటి గొట్టాలు దాని లోపలే. పైకప్పు దాదాపు చదును. డగ్లస్ ఫర్ దూలాలు ఇంటి లోపలి నుంచి గాజుగోడ దాటుకుని నాలుగడుగులు బయటికొచ్చి చూరును మోస్తున్నాయి. దూలాల మీద ఒకటిన్నర అంగుళాల గాడి పలకలు, అంటే ఒకదాని అంచు పక్కదాని గాడిలో దిగేవి. లోపల సీలింగ్ అవే, పైన కప్పుకు ఆధారమూ అవే, మధ్యలో అటక లేదు. దక్షిణం వైపు నేల నుంచి ఎనిమిదడుగుల ఎత్తు వరకు ఒంటిపొర గాజు. బయటి గోడలకు నిలువు రెడ్‌వుడ్ పలకలు. మేం ఈ ఇంటి మీద మనసు పడిందే లోపలి చేతిపని చూసి: గోడ పొడవునా వాల్‌నట్ అల్మరాలు, అంచు కోయకుండా చెట్టు ఒంపు అలాగే ఉంచిన మూడడుగుల వెడల్పు పలకతో కౌంటర్, చెక్క జారుడు తలుపులు.

సందేహాలు నాలుగు. ఒకటి, బయటి దూలాల కొసలు నల్లబడ్డాయి, రెండింటిలో స్క్రూడ్రైవర్ దిగిపోతోంది. చూసిన కాంట్రాక్టర్ చూరును గోడ దాకా కోసేస్తే ఈ బెడద శాశ్వతంగా వదిలిపోతుందంటున్నాడు. రెండు, కౌంటర్ పలక ఒక కొసన చీలింది, చీలిక 14 అంగుళాలు ఉంది. మూడు, ఇంటికి ఏడడుగుల దూరంలో 26 అంగుళాల మందం ఓక్ చెట్టుంది, దాన్ని కొట్టించమంటున్నారు. నాలుగు, గాజు మార్చాలా? అన్నీ ఒకేసారి చేసే స్తోమత లేదు, అందుకే వరుస అడుగుతున్నాను.

నీటివాలు

చూరు మాత్రం కోయించకండి. మిగతా ఏ పనిలో పొరపాటు జరిగినా దిద్దుకోవచ్చు, ఇది చేస్తే ఇల్లు పనిచేసే తీరే మారిపోతుంది. మీరున్నది సుమారు 40 డిగ్రీల అక్షాంశం. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు 73 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నాలుగడుగుల చూరు అప్పుడు పదమూడడుగుల కిందిదాకా నీడనిస్తుంది, అంటే మీ ఎనిమిదడుగుల గాజు మొత్తం నీడలోనే. డిసెంబర్‌లో అదే సూర్యుడు 26 డిగ్రీలకు దిగుతాడు, చూరు నీడ గాజు పైన రెండడుగులకు మించదు. మిగిలిన ఆరడుగుల్లోంచి ఎండ నేరుగా స్లాబ్ మీద పడుతుంది. నాలుగడుగులన్న కొలత అందం కోసం పెట్టింది కాదు. చూరు తీసేస్తే వేసవిలో ఏసీ బిల్లు పెరుగుతుంది, వాన నేరుగా గాజు కింది గుమ్మం మీద కొడుతుంది, అక్కడ కొత్త పుచ్చు మొదలవుతుంది.

దూలం కొసే ఎందుకు పుచ్చుతుందంటే, కోసిన ముఖంలో చెక్క నార తెరుచుకుని ఉంటుంది. పక్కల కన్నా అక్కడ నీళ్లు ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తుంది. చెక్కలో చెమ్మ 20 శాతం లోపు ఉంటే పుచ్చు ఊసుండదు. 28, 30 దాటి అలాగే నిలిస్తే పట్టేస్తుంది. పిన్నులున్న మాయిశ్చర్ మీటర్ తెచ్చి ప్రతి దూలానికీ కొస నుంచి గాజు దాకా ఆరేసి అంగుళాలకు ఒకచోట కొలిచి రాసుకోండి. నల్లరంగు చూసి భయపడొద్దు, చాలాసార్లు అది పైపై మరకే. మెత్తదనాన్నీ, మీటర్ అంకెనూ నమ్మండి.

పుచ్చు కొస నుంచి నాలుగైదు అంగుళాల్లోనే ఉంటే అంతవరకు కోసి, అదే జాతి ఎండిన చెక్కను ఏటవాలు అతుకుతో జోడించవచ్చు. కొసన బరువు తక్కువ కాబట్టి అక్కడ అతుకు నిలుస్తుంది. గాజు గోడ దగ్గర మాత్రం కథ వేరు. బయటికి చాచిన దూలంలో వంపు బలమంతా ఆధారం మీదే పడుతుంది. పుచ్చు అక్కడిదాకా పాకితే స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్క లేకుండా ముట్టుకోకూడదు. ఎపాక్సీ (గట్టిపడే రసాయన జిగురు) పోసి రంగేసి దాచే పనికి ఒప్పుకోవద్దు. లోపల తడి చెక్క ఉండగా పైన ఎపాక్సీ పెడితే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

అతుకు తర్వాత పుచ్చును ఆపే బోరేట్ మందు కడ్డీలు దూలం కింది ముఖం నుంచి రంధ్రాలు చేసి పెట్టించండి. చెమ్మ తగిలినప్పుడే కరిగి చెక్కలోకి పాకుతాయి, కాబట్టి అవసరమైన చోటే పనిచేస్తాయి. పైన రాగి రేకు టోపీ వేయాలి. టోపీ అంటే పైముఖం, రెండు పక్కల్లో కొంత, కోసిన ముఖానికి ముందు పావు అంగుళం ఖాళీ. కింద తెరిచే ఉండాలి. నలువైపులా బిగించి చుడితే లోపల చేరిన నీరు అక్కడే నిలిచి మళ్లీ పుచ్చుతుంది.

అన్నిటికన్నా ముందు పైకప్పు చూడండి. దూలాల తడి అంచు రేకు వదులై వస్తోందా, నీళ్లు పోయే తూములు ఆకులతో మూసుకుపోయి వస్తోందా తెలియకుండా కొసలు బాగుచేస్తే డబ్బు దండగ. ఓక్ ఆకులు తూమును అట్టలా కప్పేస్తాయి. అడవిలో చదును కప్పుంటే శరత్తులో కనీసం మూడుసార్లు ఊడవాల్సిందే. వాలు అడుగుకు పావు అంగుళం ఉందో లేదో కొలవండి. వాన వెలిశాక రెండు రోజులకు కూడా నీళ్లు నిలిచి ఉంటే అక్కడ ఆధారం కుంగి ఉండొచ్చు.

కప్పు మార్చాల్సి వస్తే ఇన్సులేషన్ ఎప్పుడూ గాడి పలకల పైనే. లోపలినుంచి వేస్తే మీరు మెచ్చిన సీలింగ్ పోతుంది, పైగా పలకలు చల్లబడి చెమ్మ పడతాయి. నాలుగు అంగుళాల పాలీఐసో (గట్టి ఫోమ్) బోర్డు వేస్తే ఆర్ విలువ, అంటే వేడిని ఆపే శక్తి కొలత, 22, 23 దాకా వస్తుంది. ఇక్కడ మూడు చోట్ల పని చెడుతుంది. మొదటిది, గాడి పలకలు లోపలినుంచి బయటిదాకా ఏకంగా సాగుతాయి కాబట్టి ఆ గాడుల వెంబడే ఇంటి వేడిగాలి గోడ మీదుగా బయటికి కారిపోతుంది. ఇన్సులేషన్ కింద, పలకల మీద, గాలిని ఆపే పొర అంటించి గోడ గీత మీద ప్రతి గాడినీ సీలెంట్‌తో నింపాలి. రెండోది, స్క్రూ పొడవు. పలక మందం ఒకటిన్నర అంగుళమే. బోర్డు మందానికి ఒక అంగుళం కలిపి ఆపకపోతే మొనలు మీ సీలింగ్‌లోంచి బయటికి పొడుచుకొస్తాయి. మూడోది అంచు. మందం చూరు కొసదాకా తీసుకెళ్తే సన్నని గీతలా కనిపించే కప్పు అట్టపెట్టెలా అవుతుంది. గోడ గీత దాటాక మందం ఆపేసి, చూరు మీద పలచగా ముగించమనండి. చూరు కింద వేడి గది లేదు కాబట్టి అక్కడ ఇన్సులేషన్ అవసరమే లేదు.

చిత్రిక

కౌంటర్ చీలిక గురించి. ముందు పలక కింద పడుకుని అది దేనికి, ఎలా బిగించి ఉందో చూడండి. వాల్‌నట్ వెడల్పులో ఊపిరి పీలుస్తుంది, పొడవులో కదలదు. మూడడుగుల వెడల్పు పలకలో చెమ్మ నాలుగు శాతం మారితే దాదాపు అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు కుంచించుకుపోతుంది. వేసవి నుంచి నడి శీతాకాలానికి వేడి చేసిన ఇంట్లో ఈ మార్పు మామూలే. అసలు పనివాళ్లు సాగదీసిన రంధ్రాల్లో స్క్రూలు పెట్టి ఆ కదలికకు చోటిచ్చి ఉంటారు. తర్వాత ఎవరైనా సింకు మార్చినప్పుడు గట్టిగా స్క్రూలు బిగించి ఉంటే, రెండు పక్కల పట్టేసిన పలక కొసన తెగుతుంది. ఆ స్క్రూలు తీసి రంధ్రాలను వెడల్పు దిశలో సాగదీయాలి. దీన్ని వదిలేసి చీలికను ఎంత అతికించినా పక్కన ఇంకోచోట తెగుతుంది.

చీలికను క్లాంపులతో లాగి జిగురు పెట్టకండి. ఏడాదిపాటు అలాగే వదిలి, ఆగస్టులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి వెడల్పు కొలవండి. పెరగడం ఆగిందనిపించాక బటర్‌ఫ్లై కీ వేయించండి. అంటే నడుము సన్నగా, రెండు కొసలు వెడల్పుగా ఉండే చెక్కముక్కను చీలికకు అడ్డంగా పొదగడం. కీ చెక్క నార చీలికకు అడ్డంగా సాగాలి. నిలువుగా పెడితే నడుము దగ్గరే పుటుక్కుమంటుంది. మందం పలకలో మూడో వంతు నుంచి సగం. ముందు కీ చేసుకుని, దాన్ని పలక మీద పెట్టి పెన్సిల్‌తో కాక కత్తిమొనతో గీయాలి. మధ్య భాగాన్ని రౌటర్‌తో తీసినా గీత దగ్గర చివరి అరమిల్లీమీటరు ఉలితోనే తీయాలి. కీ పక్కలకు ఒక డిగ్రీ వాలు ఇస్తే దిగేకొద్దీ బిగుసుకుంటుంది. పైన ఒక మిల్లీమీటరు మిగిల్చి, జిగురు ఆరాక చిత్రిక పట్టి సమం చేయాలి. 14 అంగుళాల చీలికకు రెండు కీలు చాలు: ఒకటి కొసకు మూడు అంగుళాల లోపల, ఇంకోటి చీలిక ముగిసే చోటుకు కాస్త ఇవతల. చీలిక కనిపించనీయండి. అది ఆ పలక కథలో భాగం, దాన్ని పుట్టీతో కప్పితే ఆరు నెలల్లో పుట్టీ రాలి ఇంకా వికారంగా ఉంటుంది.

అల్మరాల పైపూత ఏమిటో తెలియకుండా గీకొద్దు. కంటికి కనపడని మూలలో దూదితో ఆల్కహాల్ అద్దండి. జిగటగా కరిగితే షెల్లాక్. కరగకపోతే లక్కర్ థిన్నర్ అద్దండి, మెత్తబడితే లక్కర్. రెండింటికీ లొంగకపోతే నూనె గానీ వార్నిష్ గానీ అయి ఉంటుంది. నూనె పూత అయితే మీ అదృష్టం: మినరల్ స్పిరిట్స్‌తో తుడిచి, ఆరాక టంగ్ ఆయిల్ పలుచగా పూసి, ఇరవై నిమిషాలకు మిగులు తుడిచేసి, మర్నాడు ఇంకో చేయి వేస్తే సరి. శాండర్ మాత్రం పెట్టొద్దు. ఆ కాలపు తలుపుల్లో చాలావాటికి పైన ఉన్నది మిల్లీమీటరు లోపు మందం వెనీర్, అంటే అతికించిన పలుచటి చెక్కపొర. రెండుసార్లు రుద్దితే కింది చెక్క బయటపడుతుంది, దానికి మందు లేదు. నూనె గుడ్డలను ముద్ద చేసి బుట్టలో వేస్తే వాటంతటవే మండవచ్చు. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల డబ్బాలో వేయండి.

రెడ్‌వుడ్ పలకల మీద మేకుల చుట్టూ నల్లటి చారలుంటే అది ఇనుము, చెక్కలోని టానిన్ కలిసిన మరక. ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లలో కలిపి పూసి కడిగితే పోతుంది, చేతికి తొడుగు, కంటికి అద్దాలు ఉండాలి. మార్చే మేకులన్నీ స్టెయిన్‌లెస్‌వే వాడండి. ప్రెషర్ వాషర్ దగ్గరికి రానివ్వొద్దు, మెత్తటి నారను తోడేసి పలకను గరుకు చేస్తుంది.

వేరుమూలం

ఓక్ చెట్టును దూరం చూసి తీర్పు చెప్పేవాళ్ల మాట వినకండి. ఐఎస్‌ఏ (అంతర్జాతీయ వృక్షసంరక్షణ సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఆర్బరిస్ట్‌ను, అంటే చెట్ల నిపుణుణ్ని, చెట్లు కొట్టే వ్యాపారంతో సంబంధం లేనివాణ్ని, రాతపూర్వక రిపోర్టు కోసం పిలవండి. చూడాల్సింది మొదలు దగ్గర వేరు విచ్చుకున్న భాగం. అది కనిపించకుండా మట్టో మల్చో పేరుకుని ఉంటే తీయించి, కింద బెరడు బాగుందో లేదో చూడాలి. మొదట్లో పుట్టగొడుగులు, తట్టితే డొల్ల శబ్దం, ఒక పక్క నేల ఉబ్బడం, ఇవి ప్రమాద సూచనలు. అనుమానం ఉంటే లోపలి డొల్లను కొలిచే పరికరాలున్నాయి.

నాలుగున్నర అడుగుల ఎత్తులో ఎన్ని అంగుళాల మందమో అన్ని అడుగుల వ్యాసార్థం ఆ చెట్టు వేరు ప్రాంతం అనుకోండి. మీ ఓక్‌కి 26 అడుగులు. పీల్చే వేర్లలో ఎక్కువ భాగం పై అడుగున్నర మట్టిలోనే ఉంటుంది. కాబట్టి మీ కప్పు పనికి వచ్చే లారీ, పలకల దొంతర, చెత్త డబ్బా ఏదీ ఆ వలయంలోకి రాకూడదు. తప్పనిసరైతే పది అంగుళాల మందం చెక్కపొట్టు పరిచి, పైన ప్లైవుడ్ వేసి, పని కాగానే తీసేయాలి. నీటి కాలువ తవ్వాలంటే మెషీన్‌తో కాదు, గాలితో మట్టి ఊదే పరికరంతో వేర్లు బయటపెట్టి వాటి కిందనుంచి పైపు దూర్చాలి. కట్టడం పనిలో గాయపడిన ఓక్ వెంటనే చావదు. మూడు నాలుగేళ్లకు పైకొమ్మలు ఎండుతాయి, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

కప్పు మీదికి వచ్చిన కొమ్మల్ని నవంబర్, మార్చి మధ్యనే కోయించండి. వసంతం, వేసవి తొలినాళ్లలో పచ్చి కోత వాసనకు వచ్చే పురుగులు ఓక్ విల్ట్ తెగులు మోసుకొస్తాయి.

ఓక్ కన్నా ముందు యాష్ చెట్లను వెతకండి. యాష్‌ను తొలిచి చంపే పురుగు ఎమరాల్డ్ యాష్ బోరర్ పెన్సిల్వేనియాలో 2007లో కనపడింది, మందు పెట్టని యాష్‌లు చాలావరకు పోయాయి. చచ్చిన యాష్ చాలా పెళుసు, ఎక్కి కోయడం కూడా ప్రమాదమే. ఇంటిమీద పడగల దూరంలో ఉంటే ఆ ఖర్చు ఇప్పుడే బేరంలో పెట్టండి.

కట్టెల దొంతర గోడకు ఆనించి ఉంటే ఇరవై అడుగులు జరపండి. దూలాల కింద ముతక రంపపు పొట్టు రాలుతుంటే కార్పెంటర్ చీమలు, అవి ఎక్కువగా తడి చెక్కకే వస్తాయి. అరంగుళం గుండ్రటి రంధ్రాలుంటే కార్పెంటర్ తేనెటీగలు. టాల్కం పొడిలా మెత్తగా రాలితే పౌడర్‌పోస్ట్ పురుగు. మూడింటికీ మందు వేరు, అందుకే పొట్టును సంచీలో వేసి ఇన్‌స్పెక్టర్‌కు చూపండి.

లోయఅంచు

చాలా థాంక్సండీ. చూరు కోసే మాట ఆపించాం. ఒక అనుబంధ ప్రశ్న: చలికాలంలో హ్యూమిడిఫైయర్ పెట్టి తేమ 45 శాతం ఉంచితే చెక్కపనికి మంచిదంటున్నారు. గాజు తర్వాతి ఏడాది మార్చుకుని, ఇది ముందు పెట్టుకోవచ్చా?

గాజుపలక

వద్దు. ఒంటిపొర గాజున్న ఇంట్లో అది చెక్కకు హాని చేస్తుంది. బయట 32 ఫారెన్‌హీట్, లోపల 68 ఉన్నప్పుడు ఒంటిపొర గాజు లోపలి ముఖం నలభై ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. తేమ సుమారు 35 శాతం దాటగానే నీళ్లు కడతాయి. బయట 20కి పడితే పాతిక శాతానికే కడతాయి. ఆ నీళ్లన్నీ కారి గాజు కింది చెక్క గుమ్మంలో ఇంకుతాయి. వాల్‌నట్‌ను కాపాడబోయి గుమ్మాన్ని పోగొట్టుకుంటారు. రెండు పొరల లో-ఈ గాజు (వేడిని వెనక్కి తిప్పే పూత ఉన్నది) వేశాక లోపలి ముఖం 59, 60 దగ్గర ఉంటుంది, అప్పుడు 40 శాతం తేమ నిశ్చింతగా ఉంచొచ్చు. అందుకే గాజు ముందు, హ్యూమిడిఫైయర్ తర్వాత. అప్పటిదాకా ఇంట్లో వేడిని మరీ పెంచకుండా 66 దగ్గర ఉంచితే చెక్క అంతగా ఎండదు.

మార్చేటప్పుడు అసలు చెక్క స్తంభాల్ని తీయనక్కర్లేదు. పాత గాజును పట్టి ఉంచిన చెక్క బద్దీలు తీసి, అంగుళం మందం పలక కూర్చునేలా గాడిని లోతు చేయొచ్చో లేదో స్తంభం కొలిచి చూడాలి. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న రెండుపొరల పలక 180 పౌండ్లకు పైనే. పాత ఒంటిపొర బరువుకు ఇది రెట్టింపు కాబట్టి కింది గుమ్మం గట్టిదనం ముందే పరీక్షించాలి. పలక వెడల్పులో పావు వంతు దగ్గర రెండు వైపులా పలకను మోసే చిన్న దిమ్మెలు (సెట్టింగ్ బ్లాకులు), వాటి మధ్య నీళ్లు బయటికి పోయే రంధ్రాలు తప్పనిసరి. పలక అడుగు నీళ్లలో నానితే సీల్ చెడి కొన్నేళ్లలో పొరల మధ్య పొగమంచు పడుతుంది. నేలకు 18 అంగుళాల లోపు మొదలయ్యే పెద్ద పలకలు టెంపర్డ్ లాంటి భద్రతా గాజు అయి ఉండాలని బిల్డింగ్ కోడ్ చెబుతుంది. దూలం గాజును దాటే చోట సిలికోన్ ఒక్కటే నింపొద్దు. ముందు ఫోమ్ తాడు దూర్చి పైన సీలెంట్ వేస్తే దూలం కదిలినా సాగుతుంది. అడవిలో ఇంత గాజంటే పక్షులు గుద్దుకుంటాయి. బయటి ముఖం మీద రెండంగుళాలకొక చుక్క ఉండే ఫిల్మ్ వేయించండి, లోపలివైపు అంటిస్తే ప్రతిబింబం ఆగదు.

ఇల్లు 1978కి ముందుది, పాత రంగుల్లో సీసం (లెడ్) ఉండొచ్చు, కాబట్టి రంగు గీకే ఏ పనికైనా లెడ్ సర్టిఫికెట్ ఉన్న మనుషులే రావాలి.

కోటగుమ్మం

చూరు విషయం చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. న్యూ హోప్‌లోనే చెక్కపనికి పేరుపడ్డ జార్జ్ నకాషిమా ఇల్లు, పనిశాల ఉన్నాయి, 2014లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. చీలికను దాచకుండా బటర్‌ఫ్లై కీతో పట్టి ఉంచడం ఆయన బల్లల్లో కళ్లారా చూడొచ్చు. ఆయన 1930ల చివర్లో ఆర్కిటెక్ట్ ఆంటొనిన్ రేమండ్ ఆఫీసు తరఫున పాండిచ్చేరిలో అరవిందాశ్రమం వసతి గృహం కట్టడం పనిని దగ్గరుండి చూశారు. దానికి హైదరాబాద్ దివాన్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వ విరాళం వచ్చింది, అందుకే గోల్కొండ అని పేరు. అక్కడ గాజే లేదు. ఉత్తర, దక్షిణ ముఖాల నిండా తిప్పుకునే అడ్డపలకలు, గదులకు సందులున్న టేకు జారుడు తలుపులు, గాలి ఆ చివరినుంచి ఈ చివరికి పోతుంది. 12 డిగ్రీల అక్షాంశంలో ఎండను బయటే ఆపాలి, 40లో చలికాలం ఎండను లోపలికి రానివ్వాలి. కొనేముందు ఒకసారి వెళ్లి నకాషిమా పనిశాల చూసి రండి, మీ ఇంట్లో ఏది అసలు పనో ఏది తర్వాత అతికించిందో కన్ను పసిగడుతుంది.

నీటివాలు

ఇన్‌స్పెక్షన్ గడువు లోపల తప్పక చేయించాల్సినవి చెప్పి ముగిస్తాను, మామూలు ఇన్‌స్పెక్టర్ ఇవి చేయడు. స్లాబ్‌లోని వేడినీటి గొట్టాలను బాయిలర్ నుంచి విడదీసి గాలి ఒత్తిడి పెట్టి రాత్రంతా వదిలితే, గేజ్ ముల్లు దిగిందంటే లీకున్నట్టు. వేడి ఆన్ చేసి థర్మల్ కెమెరాతో నేల ఫొటోలు తీయించి దాచుకోండి, తర్వాత నేలలో ఎక్కడ రంధ్రం వేయకూడదో అవే చెబుతాయి. మురుగు పైపులో కెమెరా దించండి. ఆ వయసు మట్టిపైపుల అతుకుల్లోంచి ఓక్ వేర్లు లోపలికి దూరతాయి. సెప్టిక్ అయితే ఆ నీరు నేలలోకి ఇంకే చోటు (డ్రెయిన్ ఫీల్డ్) మీద చెట్లు మొలిచాయేమో చూడండి. తొమ్మిదంగుళాల చదరపు టైల్స్ ఉంటే ఆస్బెస్టాస్ పరీక్ష చేయించేదాకా పగలగొట్టొద్దు.

ఆ తర్వాత వరుస: కప్పు, తూములు, దూలం కొసలు ఈ వేసవిలోనే, ఒకే మేస్త్రీ చేతిలో. గాజు మరుసటి ఏడు. కౌంటర్ కింద బిగించిన స్క్రూలు తాళాలు చేతికొచ్చిన రోజే వదులు చేయండి, దానికి పైసా ఖర్చు లేదు.